చూసిపోయే చుట్టం

"అరవై మూడు!" గేటు దగ్గరి తెర చూసి పెద్దావిడ చప్పట్లు కొట్టింది. "పొద్దున డెబ్బై ఒకటి. ఇలాగే కానీ తల్లీ, వారం తిరిగేలోగా నీ ఈడుదాన్నవుతాను!"

కొత్తమ్మాయి తల పట్టుకుంది. ఈత క్లబ్బులో ఆమెకిది మొదటి రోజు. సభ్యులు కార్డు పెడితే తెర మీద పేరు, వయసు కనబడాలి. పెట్టిన ప్రతిసారీ వయసు ఒకటి తగ్గుతోంది. "సాయంత్రం ఐదులోపు ప్రోగ్రాములో తప్పు పట్టుకుంటే ఉద్యోగం నీదే" అన్నాడు మేనేజరు. ఉద్యోగం కోసం ఏడాదిగా చెప్పులరిగేలా తిరిగిన పిల్ల. ఇప్పుడు నాలుగున్నర. నీళ్లు మారుస్తున్నారని క్లబ్బుకి సెలవిచ్చారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి ఊరంతా పసిపిల్లలైపోయేవాళ్లు.

పెద్దావిడ మాత్రం గంటకోసారి వచ్చి, కార్డు పెట్టి, ఓ బిస్కెట్టు చేతిలో పెట్టి, కుర్చీ వెనకే నిలబడుతోంది.

"దొరకట్లేదు బామ్మగారూ! సభ్యుల వివరాలు చూసే ఫంక్షన్లే నలభై ఉన్నాయి."

"చూస్తేనే వయసు తగ్గుతుందా? మా చుట్టాలూ ఇంతే. చూసిపొండర్రా అంటే వంటింట్లో గిన్నెలు సర్దిపోతారు. వారం దాకా గరిటె కనబడి చావదు!"

నవ్వబోయిన కొత్తమ్మాయి ఠక్కున ఆగిపోయింది. ఫంక్షన్‌కి పాయింటర్ ఇవ్వడమంటే ఇంటి చిరునామా ఇచ్చి పంపడమే. వచ్చినవాడు చూసి ఊరుకోవచ్చు, సర్దేసి పోనూవచ్చు. చూసిపోవాల్సిన ప్రతి ఫంక్షన్‌లోనూ పాయింటర్ ముందు 'కాన్‌స్ట్' అని చేర్చుకుంటూ పోయింది. చూడు, చెయ్యి పెట్టకు అని దానర్థం. మాట తప్పితే, ప్రోగ్రామును నడిపేముందు తనిఖీ చేసే కంపైలరే పట్టిస్తుంది.

పట్టించింది! వయసు చూపించాల్సిన ఫంక్షనే, చూపించేముందు గుట్టుగా ఒకటి తీసేస్తోంది.

"దొంగ దొరికాడు బామ్మగారూ!" అంటూ ఆవిణ్ణి వాటేసుకుంది. ఆ లైను పీకేసి, పాత దరఖాస్తు చూసి అసలు వయసు ఎక్కించింది. పెద్దావిడ మూడుసార్లు కార్డు పెట్టింది. మూడుసార్లూ డెబ్బై ఒకటే.

"హమ్మయ్య, మళ్లీ ముసలిదాన్నయ్యాను" అంటూ పకపకా నవ్వింది.

అంతలో మేనేజరు వచ్చాడు. ఐదుకింకా పది నిమిషాలుంది.

"సార్, ఉద్యోగం నాకేనా?"

ఆయన పెద్దావిడ వైపు చూశాడు. ఆవిడ బిస్కెట్ల డబ్బా బల్ల మీద పెట్టేసింది.

"రేపు తొమ్మిదికల్లా వచ్చెయ్ తల్లీ. ఇక నా కుర్చీ నీది, నేను హాయిగా ఈత కొట్టుకుంటాను. పొద్దున ఆ లైను దూర్చింది నేనే."