మామూలు చప్పుడు

తొంభైనాలుగు దసరా మేళాలో, రాకెట్ ఝూలా దగ్గర గురునాథరావుకి తిక్కరేగింది.

రేగదా మరి! కూతురు రజని ఏడాది పొడుగునా ఎర్ర రాకెట్టు కోసం కలవరించింది. తీరా గేటు తెరిచేసరికి ఎవరో ముసలాయన గబగబా వెళ్ళి అందులో కూర్చున్నాడు.

ఝూలా అంటే మరేం లేదు. నడుమ ఒక స్తంభం, దానికి ఇనుప చేతులు, ఒక్కో చేతి చివర ఒక రేకు రాకెట్టు. గిర్రున తిరుగుతాయి. తిరిగినప్పుడల్లా పైన ఎక్కడో 'కటక్' మంటుంది. రుఆబాంధా స్టీలుప్లాంటు కాలనీ పిల్లలకి అసలు సరదా అదే. ఆ చప్పుడుతో పాటు అందరూ గొంతు కలిపి "కటక్!" అని అరుస్తారు.

"ఏటండీ పెద్దాయనా, పిల్లలెక్కీదాన్లో మీరు కూకున్నారు? దిగండి."

"దిగను. ఈ ఇనుప చేతి దగ్గర వచ్చే ఆ చప్పుడు మంచిది కాదు."

గురునాథరావుకి నవ్వొచ్చింది.

"ప్లాంటోళ్ళకి చప్పుళ్ళ గురించి చెప్తన్నారా? నాను రోలింగ్ మిల్లులో చేస్తాను. ఇది మామూలేనండీ. ఎప్పుడూ ఉండీదే."

ఆ మాటకి ముసలాయన ముఖం పాలిపోయింది.

"ఎప్పటినుంచి ఉంది?"

"నా పెళ్ళి కాకముందు నించీ. ఏటైనా అయిందేటి?"

"ఏమీ కాలేదు. నా భయం కూడా అదే."

ఇదేం చాదస్తం అనుకున్నాడు గురునాథరావు. ఇంతలో ఝూలావాడు ఊడిపడి, బేరం చెడగొట్టకుండా దిగమని కసిరాడు.

"అరే బాబా, ఉతరో! ధందా ఖరాబ్ మత్ కరో."

వరసలో వాళ్ళు ఈలలు వేశారు.

"పాపా, మేరా లాల్ వాలా!" అంటూ రజని తన ఎర్ర రాకెట్టు కోసం ఏడుపు లంకించుకుంది.

కూతురి ఏడుపు చూసి గురునాథరావు ఆగలేకపోయాడు. పెద్దవాడని కూడా చూడకుండా రెక్క పట్టుకుని బయటికి లాగేశాడు. ముసలాయన కళ్ళజోడు ఎగిరి మట్టిలో పడింది.

ఆయన దాన్ని వెతుక్కోలేదు. గేటుకి అడ్డంగా నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"ఒక్కసారి ఖాళీగా తిప్పించండి నాయనా. పూర్తి స్పీడులో. ఏమీ కాకపోతే నన్ను తన్ని తగలెయ్యండి."

ఎలాగోలా పీడ విరగడవుతుందని ఝూలావాడు మోటారు ఆన్ చేశాడు.

ఖాళీ రాకెట్లు వేగం అందుకున్నాయి. 'కటక్' మంది. పిల్లలు అరిచారు. మళ్ళీ 'కటక్' మంది. మళ్ళీ అరిచారు.

ఆ తర్వాతి చుట్టులో పిల్లలు అరిచారు గానీ, చప్పుడు రాలేదు. ఎర్ర రాకెట్టు ఇనుప చేతితో సహా ఊడి, కంచె దాటి ఖాళీ మైదానంలో పడింది.

ఒక్కరికీ గోరంత గాయం కాలేదు.

గురునాథరావు కూతుర్ని వాటేసుకుని అక్కడే చతికిలబడ్డాడు. వెక్కివెక్కి ఏడ్చి, మధ్యలో నవ్వి, పిల్ల నెత్తి నిమిరి, మళ్ళీ ఏడ్చాడు. భార్య గున్నమ్మ పరుగున వచ్చి ఇద్దర్నీ తడిమి చూసుకుంది.

"పైడితల్లమ్మే ఆ ముసలాయన రూపంలో వచ్చిందయ్యా!"

ఆయన కోసం చూస్తే లేడు. మట్టిలో కళ్ళజోడు మాత్రం దొరికింది.

మర్నాడు మిల్లులో ఇంజనీరు రామచంద్రరావు పిలిచాడు.

"మేళాలో మా బావగారి కళ్ళజోడు పడిపోయిందట. ఎవరో రెక్క పట్టి లాగేశారట. ఎవరికైనా దొరికిందేమో కాస్త కనుక్కుంటావా?"

గురునాథరావు జేబులోంచి తీసి ఇచ్చాడు.

"లాగింది నానే సార్. ఏరీ ఆయన? కాళ్ళు పట్టుకుంటాను."

"పొద్దున్నే దుర్గ్‌లో రైలెక్కించి వచ్చాను. రాకెట్లు ఎగరేసేచోట పెద్ద ఇంజనీరుగా చేశారులే."

"అద్గదీ! నిజం రాకెట్లా? అందుకే ఆ చప్పుడుని పట్టీసారు. ఆయన చేతిమీద ఒక్క రాకెట్టూ పడుండదు సార్."

రామచంద్రరావు కళ్ళజోడుకి అంటిన మట్టిని మెల్లగా తుడిచాడు.

"పడింది గురునాథం. దాని వాల్వు ప్రతి పరీక్షలోనూ కారేది. 'ఇది మామూలే, ఎప్పుడూ ఉండేదే' అని నవ్వేసి, దాన్ని పైకి పంపమన్నది మా బావగారే."