ఐదులోపు ఆరు సంతకాలు

టైపిస్టు ఫారం పట్టుకుని మెట్లు దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. సాయంత్రం ఐదింటికల్లా అందులోని ఆరు గడులూ సంతకాలతో నిండాలి.

నిండితే పర్సనెల్ సెక్షన్ గుమాస్తా రిలీవింగ్ లెటరూ, అనుభవ పత్రమూ చేతిలో పెడతాడు. రెండూ టైపయి, ముద్ర పడి, అతని సొరుగులో సిద్ధంగా ఉన్నాయి. నిండకపోతే రాజీనామా వెనక్కి తీసుకున్నట్టే. మళ్ళీ రాజీనామా, మళ్ళీ మూడు నెలల నోటీసు.

ఈ నిబంధన మేనేజరు బుర్రలో పుట్టింది. దాని పుణ్యమా అని కిందటేడాది మానేసిన డ్రాఫ్ట్స్‌మన్ ఎనిమిది నెలలు చెప్పులరిగేలా తిరిగాడు. కాగితాలు అందేసరికి, అతన్ని పిలిచిన కంపెనీ ఇంకొకరిని పెట్టుకుంది.

ఆరేళ్ళ చెర ఈ సాయంత్రంతో తీరుతుందా, ఇంకా సాగుతుందా అన్నది ఇప్పుడు టైపిస్టు కాళ్ళ వేగం మీద ఉంది.

మొదటి గడి స్టోర్సుది. స్టోర్‌కీపరుకి ఆఫీసులో 'రేపు బాబాయ్' అని పేరు. గుండుసూది అడిగినా రేపు రమ్మంటాడు. ఆయన తాపీగా రిజిస్టరు తెరిచి, వరసల వెంట వేలు దించుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. టేబుల్ ఫ్యాన్ ఒకటి తిరిగి రాలేదట.

టైపిస్టు ఫారం ఆయన ముందుకు జరిపింది. బాబాయ్ పై నుంచి కిందిదాకా చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చదివాడు.

"ఫ్యానుదేముందమ్మాయ్, మా ఇంట్లోది తెచ్చి పెడతా. సంతకం ఎక్కడ?"

ఇవాళ్టి పని ఆయన ఇవాళే చేయడం చరిత్రలో అదే మొదలు.

రికార్డుల గదిలో ఉండేది అందరికీ అక్క. ఫారం చూడగానే టైపిస్టుని వాటేసుకుని, ఇన్నాళ్ళూ ఎలా భరించావే తల్లీ అని బుగ్గలు నిమిరింది. సంతోషం పట్టలేక తన గడిలో ఒక సంతకం, పక్క గడిలో ఇంకో సంతకం పెట్టేసింది. పక్క గడి క్యాంటీన్ మాస్టరుది. ఆయన ఏమీ అనుకోలేదు. గ్లాసులు కూడా లెక్కచూడలేదు. ఉన్న కాస్త చోటులోనే తన సంతకం ఇరికించి, అందరికీ టీ పెట్టమని లోపలికి కేకేశాడు. చక్కెర దండిగా వేయమన్నాడు.

కబురు టైపిస్టుకంటే ముందు పరిగెత్తుతోంది. ఆమె నడవాలోకి వచ్చేసరికి సంతకంతో పనిలేనివాళ్ళు కూడా పెన్నులు పట్టుకుని గుమ్మాల్లో నిలబడి ఉన్నారు.

డ్రైవరు కారు వెనక సీట్లో నిద్రపోతున్నాడు. వాహనాల గడి అతనిది. ఫారం చూసి దిగ్గున లేచి, తల కారు కప్పుకి ఠంగున కొట్టుకుని, ఆ నొప్పిలోనే పకపకా నవ్వాడు. సంతకం గీకి, తర్వాతెవరని అడిగాడు. అకౌంటెంటు. ఆయనేమో సెలవు పెట్టి పంటి డాక్టరు దగ్గరికి పోయాడు.

"ఎక్కు చెల్లెమ్మా."

"మేనేజరు గారి కారన్నా ఇది. అడిగితే?"

"టైర్లకి గాలి కొట్టించడానికి వెళ్ళామని చెబుదాం. ఎక్కు."

అకౌంటెంటు కుర్చీలో వెల్లకిలా పడి ఉన్నాడు. నోట్లో దూది, సగం మొహం మొద్దుబారి ఉంది. డాక్టరు బయటికి పొమ్మంది. డ్రైవరు ఆమెను పక్కకి పిలిచి చెవిలో రెండు ముక్కలు చెప్పాడు. ఆమె పనిముట్లు పక్కన పెట్టి, ఫారం కింద తనే ట్రే పట్టుకుంది. అకౌంటెంటు చదివాడు. మొహంలో కదిలే సగం నవ్వింది. రెండో సగం చూస్తూ ఉంది. సంతకం పెట్టి ఏదో అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు.

"త్వరగా వెళ్ళమంటున్నారు," అంది డాక్టరు.

నాలుగూ నలభైకి టైపిస్టు మెట్ల మీద రొప్పుతోంది. అప్పుడే భర్త ఫోను. ఆరేళ్ళుగా రోజూ ఇంట్లో ఈ ఆఫీసు గోడు వింటున్న మనిషి.

"ఒక్కటే మిగిలింది," అంది.

"ఎవరిది?"

"ఆయనదే."

పెన్ను మనదే పట్టుకెళ్ళు, సిరా లేదని వంక పెట్టగలడు అన్నాడు భర్త.

మేనేజరు గది బయట ఆఫీసంతా పోగయింది. ఎవరి నటన వాళ్ళది. ఇద్దరు ప్లాస్టిక్ మొక్కకి నీళ్ళు పోస్తున్నారు.

మేనేజరు ఫారం మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాడు. కామా కూడా వదలడు ఆయన. పెన్ను మూత తీశాడు. మళ్ళీ పెట్టాడు. కిటికీ వైపు చూశాడు.

"ఇక్కడేం తక్కువైందని?" అన్నాడు. "ఇన్నేళ్ళు ఒక కుటుంబంలా ఉన్నాం. కొత్తచోటు ఎలా ఉంటుందో ఏమో. ఇంకో మూడు నెలలు చూసి అప్పుడు ఆలోచిస్తే పోలా?"

తలుపు అవతల ఎవరి చేతిలోనో టీ గ్లాసు జారి భళ్ళున పగిలింది.

టైపిస్టు చివరి గడి దగ్గర వేలు పెట్టి చూపించింది.

"అక్కడ అందరూ ఎదురుచూస్తున్నారట సార్. ఇప్పటికే మంచి పేరు వెళ్ళింది. ఈ దశలో వెనక్కి తగ్గితే బాగుండదు."

"అంతేనంటావా?"

"అంతే సార్."

నాలుగూ యాభై ఎనిమిది. తలుపు సందులో ఒకదాని మీద ఒకటి ఏడు తలలు.

మేనేజరు పెద్దగా నిట్టూర్చి, పెన్ను మూత తీసి, 'రాజీనామా చేసిన ఉద్యోగి' అని అచ్చువేసి ఉన్న చివరి గడిలో తన సంతకం పెట్టాడు.