రెండో పాఠం

"రెండో పాఠం తీసెయ్యండి టీచర్."

కారు అద్దం సగం దించి ఉంది. బయట నిలబడ్డ మనిషి ఆ సందులోంచి వేళ్లు లోపలికి పెట్టి అద్దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. బ్లాక్‌టౌన్ రైల్వే స్టేషన్ పార్కింగులో ఎండ మండిపోతోంది. చుట్టూ కార్లే తప్ప మనిషి అలికిడి లేదు.

"ఎవరు మీరు?" డ్రైవింగు సీట్లోంచి ఇంగ్లీషులో అడిగింది అమూల్య.

"మార్సెలో. మీరు రాసింది మొత్తం చదివాను. మిగతావన్నీ బాగున్నాయి. ఆ ఒక్కటి మాత్రం వద్దు."

హైస్కూల్లో చరిత్ర చెప్పే అమూల్య, లాటిన్ అమెరికా నుంచి సిడ్నీ వచ్చి స్థిరపడ్డవాళ్ల మీద పదో తరగతి పిల్లలకి ఏడాదిగా పాఠాలు రాస్తోంది. రెండో పాఠం ఇనేస్ అనే అర్జెంటీనా పెద్దావిడది. సైనికుల పాలనలో చీకటి గదిలో బందీగా మగ్గి, కళ్ల గంతలతోనే బిడ్డను కని, ఆ పసిగుడ్డుతో దేశం దాటి వచ్చిన మనిషి. రేపు ఆవిడే స్కూలుకొచ్చి పిల్లలతో మాట్లాడబోతోంది. తప్పులుంటే చూడమని ఆ పాఠాల ప్రతి ఆవిడ ఒక్కదానికే ఇచ్చింది అమూల్య.

మరి ఇతని చేతికి ఎలా వచ్చింది?

"ఎందుకు వద్దు?"

"నేను చెబితే నమ్మరు. ఆమెనే అడగండి." అతనికి యాభై దగ్గరపడుతున్నట్టుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "రేపు ఆమె పిల్లల ముందు నిలబడిందా, నేనూ వస్తాను. మీ స్కూలు ఎక్కడో నాకు తెలుసు."

అద్దం వదిలేసి, వెనక్కి చూడకుండా వెళ్లి తన తెల్ల యూట్ ట్రక్కు ఎక్కాడు.

అమూల్య భర్తకి ఫోన్ చేసింది. విన్నవాడు విన్నట్టే అరిచాడు పవన్.

"ఎందుకే మనకీ గోల? సింపుల్‌గా ఆ లెసన్ డిలీట్ చేసి పడెయ్. వాడు రేపు మనింటికొస్తే ఏం చేస్తాం?"

"వాడు ఆవిడ ఇంట్లోకి వెళ్లొచ్చినట్టున్నాడు పవన్. ఆవిడ ఒక్కర్తే ఉంటుంది."

"అయితే పోలీసులకి చెప్పు. నువ్వెళ్లకు. అమ్మూ, వింటున్నావా?"

వింటూనే కారు ఇనేస్ ఇంటివైపు తిప్పింది. ఇలాంటివాళ్ల గురించి ఆమె చదివింది. ఆ సైన్యంలో పనిచేసి, తర్వాత పేర్లు మార్చుకుని పరాయి దేశాల్లో తలదాచుకున్నవాళ్లు. వాళ్ల పరువు కాపాడాలనుకునే పిల్లలు. దారంతా అద్దంలో వెనక్కి చూసుకుంటూనే ఉంది. ఫెయిర్‌ఫీల్డ్ మలుపు దగ్గర ఓ తెల్లబండి కనిపిస్తే బ్రేకు తొక్కేసింది. అది వేరే ఎవరిదో.

తలుపు తీసిన ఇనేస్ నవ్వింది. క్షేమంగానే ఉంది. అమూల్యకి ఏడుపొచ్చినంత పనైంది.

"ఆంటీ, మీరు నాతో వచ్చెయ్యండి. మార్సెలో అని ఒకడు..."

"మార్సెలోనా? వాడు నా కొడుకే."

"కొడుకా! పేరు ఎప్పుడూ చెప్పలేదే. పెర్త్‌లో ఉంటాడన్నారుగా?"

"పోయిన వారం వచ్చాడు. మనసు బాగోలేదు వాడికి. ఏదేదో మాట్లాడుతున్నాడు. నువ్వు పట్టించుకోకమ్మాయీ. కూర్చో, టీ తాగుదాం."

ఆవిడ టీ పోస్తుంటే చెయ్యి ఏమాత్రం వణకలేదు. అంత నరకం చూసినవాళ్లకి ఇదో లెక్కా అనుకుంది అమూల్య. ఇంతలో బయట బండి ఆగిన చప్పుడైంది. అమూల్య గబుక్కున లేచి గడియ వేసింది. తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

"తెరువమ్మాయీ," అంది ఇనేస్ తాపీగా. "వాడేం చెయ్యడు."

మార్సెలో లోపలికొచ్చాడు. కూర్చోలేదు. అమూల్య వెళ్లి ఇనేస్ కుర్చీకి అడ్డంగా నిలబడింది.

"ఎంత నరకం పడి మిమ్మల్ని కాపాడుకుందో తెలుసా మీ అమ్మ? ఆ మాట పిల్లలకి చెబుతానంటే నోరు నొక్కేస్తారా?"

అతను ఆమెని చూడలేదు. ఆమె భుజం మీదుగా ఇనేస్‌ని చూస్తున్నాడు.

"చెప్పు," అన్నాడు. "నువ్వే చెప్పు."

ఇనేస్ బల్ల మీది గుడ్డ ముడతలు సరిచేస్తూ ఉండిపోయింది.

"డీఎన్‌ఏ పరీక్ష చేయించుకున్నాను టీచర్." మార్సెలో అమూల్య వైపు తిరిగాడు. "ఈమెకీ నాకూ రక్తసంబంధమే లేదు. బ్వేనోస్ ఐరిస్‌లో తొంభై దాటిన ఒక ముసలావిడ, తన కూతురి బిడ్డ కోసం ఇప్పటికీ వెతుకుతోంది. పరీక్షలో అదీ తేలింది. ఆ బిడ్డని నేనే."

ఆ గదిలో తల్లి ఎలా అరిచిందో, మంచినీళ్ల కోసం ఎంతగా వేడుకుందో, బిడ్డ ఏడుపు ఎన్ని గోడలు దాటి వినిపించిందో ఇనేస్ పూసగుచ్చినట్టు చెబుతుంటే, కన్నీళ్లు తుడుచుకుంటూ రాసుకుంది అమూల్య. మెల్లగా వెనక్కి తిరిగింది.

"మరి... ఆ గదిలో ఉన్నది ఎవరు ఆంటీ?"

ఇనేస్ టీ కప్పు కింద పెట్టింది. ఆ ముఖంలో ఏ మార్పూ లేదు.

"పేరు అడగలేదమ్మాయీ. తలుపుకి తాళం వేసి కాపలా కాయడం వరకే నా ఉద్యోగం."