వణకని చెయ్యి

రెండో అంతస్తు దాటి, మూడోది అందకుండా లిఫ్టు ఆగిపోయింది. లైటు ఆరింది. ఓ మూల చిన్న ఎర్రదీపం మాత్రం మిగిలింది.

లోపల ఉన్నది ఇద్దరే. ఒకాయన కంపెనీ మేనేజరు. రెండో ఆయన ఈ నెలాఖరుకి రిటైరు కాబోతున్న హెడ్ మెకానిక్కు. ఆయన్ని అందరూ మేస్త్రి అంటారు. ఇంతకీ ఆ కంపెనీ చేసేది ఏమిటయ్యా అంటే, లిఫ్టుల మరమ్మతు. ఊరందరి లిఫ్టులూ చూసేవాళ్ళకి సొంత లిఫ్టు చూసుకునే తీరిక చిక్కలేదు. "మనదే కదా, వచ్చే వారం చూద్దాంలే" అని మేస్త్రి అంటూ ఉండగానే చాలా వారాలు వెళ్ళిపోయాయి.

మేనేజరు గంట నొక్కాడు, తలుపు బాదాడు, ఆఖరికి మేస్త్రి మీద విసుక్కున్నాడు. పై అంతస్తులో ఇంటర్వ్యూ ఉంది. మేస్త్రి కుర్చీలో వచ్చే నెలనుంచి ఎవరు కూర్చోవాలో ఇవాళ తేల్చాలి. పోటీలో ఉన్నది పొడుగాయన, చెల్లెమ్మ. ఇద్దరూ మేస్త్రి చేతికింద తయారైనవాళ్ళే. కాకపోతే మెకానిక్కులందరిలో ఆడమనిషి ఆవిడొక్కతే కాబట్టి ఆ పేరు వచ్చింది. పేరుతోపాటు, మగవాళ్ళు పనిచేస్తుంటే టార్చిలైటు పట్టుకునే ఉద్యోగం కూడా వచ్చింది.

"ఆ అమ్మాయి సంగతి ఏమంటావు?" అన్నాడు మేనేజరు.

"బంగారంలాంటి పిల్లండీ. పనిలో వంక పెట్టలేం. కానీ మనుషులు ఇలా మధ్యలో వేలాడుతున్నప్పుడు పైనున్నవాళ్ళ చెయ్యి వణకకూడదు. ఆడపిల్ల కదా, బెదిరిపోతుంది."

మేనేజరు తలూపాడు. ఆయన మనసులో ఉన్నదీ అదే. కాదన్న సంగతి ఆవిడకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలా అన్నదొక్కటే ఆయన బాధ.

అంతలో పైన ఏదో గరగరలాడి, లిఫ్టు కిందికి కదిలింది. మేనేజరు గభాలున మేస్త్రి భుజం పట్టుకున్నాడు. భయం లేదని, చేత్తో చక్రం తిప్పి దింపుతున్నారని మేస్త్రి ధైర్యం చెప్పాడు. పైన మిషను గదిలో ఒకరు బ్రేకు వదులుతూ, మళ్ళీ పట్టేస్తూ ఉంటే ఇంకొకరు పెద్ద చక్రం తిప్పాలి. ఇద్దరికీ లంకె తప్పిందా, లోపలివాళ్ళ నడుములు ఇక నడుములు కావు.

ఈ లిఫ్టు మాత్రం నిద్రపోయే పిల్లని మంచం మీద పడుకోబెట్టినంత మెల్లగా దిగింది. ఒక్క కుదుపు లేదు. మేస్త్రి మొహం విప్పారింది.

"అబ్బ, ఏం చెయ్యండీ! పొడుగాయనే. నేను నేర్పిన చెయ్యి నాకు తెలియదా?"

"అయితే ఇంటర్వ్యూ అయిపోయినట్టే" అన్నాడు మేనేజరు. ఆయన ప్రాణం ఎంత తేలికపడిందంటే, ఊరికే నవ్వొచ్చింది.

లిఫ్టు రెండో అంతస్తులో నేలకి సమంగా నిలబడింది. బయటనుంచి తాళం తిప్పి తలుపు లాగినవాడు పొడుగాయన.

మేస్త్రి ఆయన్ని ఎగాదిగా చూశాడు. "నువ్విక్కడుంటే పైన ఎవర్రా?"

"చెల్లెమ్మ. ఫోను చేసి తలుపు దగ్గర నిలబడమంది, నిలబడ్డాను."

ముగ్గురూ మెట్లెక్కి పైకి వెళ్ళారు. మేనేజరు లిఫ్టెక్కగానే వాచ్‌మన్ పైకి ఫోను కొట్టడం, పైనున్నవాళ్ళంతా కుర్చీల్లో సర్దుకోవడం ఆ ఆఫీసులో ఆనవాయితీ. మేనేజరూ మేస్త్రీ లిఫ్టెక్కారన్న ఆ కబురు చెల్లెమ్మకి చెబుదామని మిషను గదిలోకి వెళ్ళిన గుమాస్తా అక్కడే ఇరుక్కుపోయాడు. బ్రేకు పట్టింది ఆయనే. ఆవిడ వదలమంటే వదిలానని, పట్టమంటే పట్టానని, అంతకన్నా తనకేమీ తెలియదని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకుంటూ చెమట తుడుచుకుంటున్నాడు.

చెల్లెమ్మ ఇంటర్వ్యూ గదిలోకి వచ్చింది. ఇస్త్రీ చొక్కా నిండా గ్రీజు మరకలు. బయట కూర్చుని ఉంటే, లిఫ్టు తిరిగినప్పుడల్లా పైన టక్కుమంటోందట. చూద్దామని వెళితే, లిఫ్టు తాడు కొసని పట్టి ఉంచే నట్టు ఇంచుమించు ఊడిపోయి ఉందట. దాన్ని బిగించాకే చక్రం ముట్టుకున్నానని చెప్పి, నట్టు జారకుండా అడ్డంగా ఉండాల్సిన పిన్నుని బల్లమీద పెట్టింది. అది విరిగి రెండు ముక్కలయింది.

మేస్త్రి బల్లమీదకి వంగి చూశాడు. "నేను చూడాల్సిన పనమ్మా ఇది."

"చూశాంగా బాబాయ్, అయిపోయింది" అందావిడ.

మేనేజరు గ్లాసెడు నీళ్ళు తాగాడు. బతికి నేల మీద ఉన్నానన్న సంగతి ఆయనకి అప్పుడు పూర్తిగా తెలిసింది. పొడుగాయన వైపు తిరిగి, నువ్వేమంటావని అడిగాడు.

"పైన చెల్లెమ్మ ఉందంటే కింద నాకు దిగులుండదు సార్. ఆవిడకే ఇవ్వండి."

మేస్త్రి కాదనలేదు. పిన్ను ముక్కల్ని అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఆయనకి ఏదో లెక్క కుదరడం లేదు. నట్టు ఊడితే లిఫ్టు పడాలి గానీ, ఆగడమేమిటి? ఎందుకాగిందో తనలో తనే గొణుక్కుంటున్నాడు.

మేనేజరు అదేమీ పట్టించుకోలేదు. "ఉద్యోగం మీదేనమ్మా. ఊరికే అడుగుతున్నాను. మేమిద్దరం అలా వేలాడుతుంటే మీ చెయ్యి వణకలేదా?"

"దింపేటప్పుడు లేదండీ" అంది చెల్లెమ్మ. "ఎక్కింది మీరిద్దరేనని తెలిసి కూడా మెయిన్ స్విచ్చి ఆపేశాను చూడండి, అప్పుడు మాత్రం వణికింది."