చెంచా తెచ్చుకున్న మనిషి

"జుర్ర్..."

ఆ శబ్దానికి షోరూమ్‌లో ఉన్నవాళ్ళందరూ వెనక్కి తిరిగారు.

కాఫీ మెషిన్ల బల్ల ముందు ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. వెలిసిపోయిన గళ్ళ చొక్కా, రబ్బరు చెప్పులు. శాంపిల్ కప్పులోంచి చెంచాతో కాఫీ తీసి అంత చప్పుడుగా పీల్చాడు. నోట్లో అటూ ఇటూ తిప్పి, పక్కనున్న ఖాళీ కప్పులో ఉమ్మేశాడు.

"ఛీ!" అంది వరూధిని, కౌశల్ చెయ్యి గట్టిగా పట్టుకుని.

పెళ్ళయి రెండు నెలలు. ఆ చెయ్యి పట్టుకోవడానికి ఆమెకి ఏ వంకైనా చాలు.

"చెంచా కూడా ఇంటినుంచే తెచ్చుకున్నాడు వరూ," గుసగుసలాడాడు కౌశల్. "పీణ్య ఫ్యాక్టరీల్లో షిఫ్ట్ దిగి, దార్లో ఫ్రీగా ఏం దొరుకుతుందా అని వచ్చినట్టున్నాడు."

ఇద్దరూ కిసుక్కున నవ్వుకున్నారు.

వాళ్ళు వచ్చింది క్యాప్సూల్ కాఫీ మెషిన్ కొనాలా వద్దా తేల్చుకోవడానికి. 2008లో ఊళ్ళో అలాంటివి అప్పుడప్పుడే కనబడుతున్నాయి.

కౌశల్ రోజూ ఏడింటికే బ్రూక్‌ఫీల్డ్‌లోని ఆఫీసుకి పరుగెత్తి, కాఫీ అక్కడే తాగుతాడు. వరూధిని పెట్టే కాఫీ ఒకరోజు నీళ్ళు, ఒకరోజు కషాయం. పొద్దున్నే అతను తన ఎదురుగా కూర్చుని ఒక్క కప్పు తాగితే చాలని ఆమె కోరిక. పెళ్ళయ్యాక ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి వస్తువు ఈ మెషినే.

సేల్స్‌మన్ కిరణ్ కాఫీపొడి నింపిన చిన్న క్యాప్సూల్ పెట్టి మీట నొక్కాడు.

"ముప్పై సెకన్లు మేడమ్! ఫిల్టర్ లేదు, డికాక్షన్ లేదు, కడిగే పనే లేదు."

బంగారు రంగు నురగ చూసి వరూధిని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ముసలాయన ఇంకో కప్పు అందుకోబోయాడు.

"ఏం తాతా, ఇది మూడోది!" కిరణ్ గొంతు మారింది. "కొనేవాళ్ళకి కూడా మిగల్చు."

"ఇదొక్కటే అప్పా. మూడూ ఒకే మాదిరి ఉండాయా లేదా అని చూస్తా ఉండా."

"ఉంటే కొంటావా?"

"నేనేడ కొనేది?" అన్నాడాయన, దాచకుండా.

నీళ్ళు పుక్కిలించాడు. మళ్ళీ జుర్రుమన్నాడు. మళ్ళీ ఉమ్మాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

"ఏ షాపులో ఏది ఫ్రీయో రాసుకుంటున్నాడు," అన్నాడు కౌశల్. ఈసారి గుసగుసగా కాదు.

ఆయనకి వినబడింది. పుస్తకం మూసి వరూధిని వైపు తిరిగాడు.

"తీసుకోవద్దమ్మా. పొడి పాతదైపోయింది. వాసన చచ్చిపోయుండాది. నురగ చూసి మురిసిపోవద్దు."

"మా ఆఫీసులో వెయ్యిమంది తాగేది మెషిన్ కాఫీనే," కౌశల్ మొహం చిట్లించాడు. "వాళ్ళందరికీ తెలియంది నీకు తెలిసిందా?"

"ఆఫీసులో తాగేది నిద్ర రాకుండా ఉండేదానికప్పా." మళ్ళీ ఆమెనే అడిగాడు. "ఇంట్లో ఫిల్టరు ఉండాదా?"

"ఉంది. నాకు కుదరదు."

"మా ఇంటామెకీ మొదట్లో కుదిరేది కాదు. నేర్పిస్తా రా. చుక్క చుక్క దిగాల. అది దిగేదాకా మీ ఆయన కూర్చోనే కూర్చోవాల."

వరూధిని నవ్వు ఒక్క క్షణం ఆగింది.

ఆయన కొత్త పేపర్ కప్పొకటి తీసి, దానిమీద తన ఇంటి అడ్రస్ రాసి ఆమె చేతిలో పెట్టాడు.

"అదీ అసలు సంగతి! ట్యూషన్లు," పకపకా నవ్వాడు కౌశల్. "ఫీజెంత తాతా?"

ఆయన అటు తిరిగాడు. చెంచాని రుమాలుతో శుభ్రంగా తుడిచి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కిరణ్ లోపల మెషిన్ ప్యాక్ చేయిస్తుండగా, వరూధిని ఆ కప్పుని రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి గుమ్మం దగ్గరి చెత్తబుట్టలో పడేసింది.

మర్నాడు పొద్దున ముప్పై సెకన్లలో కాఫీ వచ్చింది.

కౌశల్ షూ లేసులు కట్టుకున్నాక, నిలబడే, నాలుగు గుక్కల్లో తాగేశాడు.

"సూపర్ వరూ! పావుగంట మిగిలింది," అని ఆమె బుగ్గ గిల్లి, ముందు బస్సుకే వెళ్ళిపోయాడు.

వరూధిని తన కప్పు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా రాలేదు.

మూడు వారాల్లో క్యాప్సూల్స్ అయిపోయాయి. షోరూమ్‌కి ఫోన్ చేసింది.

"ఇంక రావంట మేడమ్," అన్నాడు కిరణ్ నీరసంగా. "ఈ ఊళ్ళో అమ్మడం ఆపేస్తున్నారు. కాఫీ బాగాలేదని, రుచిచూసే టేస్టర్ ఎవరో రిపోర్ట్ ఇచ్చాడంట."

"ఎవడో ఒకడి నాలుకకి నచ్చకపోతే నా మెషిన్ మూలపడాలా? ఎవరండీ ఆ మహానుభావుడు?"

కిరణ్ గొంతు తగ్గించాడు.

"మీరు చూశారు మేడమ్. వెంకటరాయప్ప గారని... మామూలు కస్టమర్‌లా వెళ్ళి చూడమని కంపెనీవాళ్ళే పంపారంట. మాకూ చెప్పలేదు. నేనేమో మూడో కప్పు దగ్గర కసిరాను."

వరూధిని చూపు అటక మీది ఫిల్టర్ దగ్గర ఆగింది.

"ఆయన... ఎక్కడుంటారో కనుక్కోగలరా?"

"కష్టం మేడమ్. కాఫీ వేలంపాటల్లో ముప్పై ఏళ్ళు ఆయన రుచిచూసి ఉమ్మేదాకా ఎవరూ ధర పలికేవాళ్ళు కాదంట. ఇప్పుడు మాకు నేర్పండని పెద్ద పెద్ద కంపెనీలు వెంటపడుతున్నా, ఆయన ఇంటి అడ్రస్ మాత్రం ఎవరికీ ఇవ్వరంట."