రెండు ఫోన్ల పొత్తు

“గుండెల్లో నొప్పని నేను చెప్పనండీ. మీకు లేదుగా,” అంది ఫోను.

టైలరు చేతిలోని కత్తెర బల్ల మీద పడేశాడు. “నువ్వెవరి ఫోనువే? నాదా, మా చెల్లెలిదా?”

“మీదేనండీ. కానీ ఆవిడ ఫోను నా మాట వేదవాక్కనుకుంటుంది. ఒక్కసారి బొంకానంటే ఇక నేనేం చెప్పినా నమ్మదు.”

అన్నకీ చెల్లెలికీ మాటల్లేవు. ఊరికి ఆ చివర ఆమె, ఈ చివర ఇతను. ఇద్దరివీ ఒంటి బతుకులే. ఫోన్లు మాత్రం పొద్దున్నే వాటంతటవే పలకరించుకుని, ఇక్కడి క్షేమం అక్కడికీ అక్కడి క్షేమం ఇక్కడికీ చేరవేస్తాయి.

“నాకు బాగోలేదంటే మా పిచ్చిది పరిగెత్తుకొస్తుంది,” అన్నాడు టైలరు.

“ఊరికే రమ్మని పిలవనా?”

“పిలిస్తే నేను తగ్గినట్టు కాదూ? పెద్దవాణ్ణి!”

టైలరు మణికట్టుకున్న పట్టీ వైపు చూశాడు. నాడి చూసి ఫోనుకి చెప్పేది అదే. లేచి కొట్టు వెనక మెట్లు గబగబా ఎక్కాడు. దిగాడు. మళ్ళీ ఎక్కాడు. మోకాళ్ళు మొరాయించాక వచ్చి కూలబడ్డాడు.

“ఇప్పుడు చూడు నాడి. ఇదీ అబద్ధమేనా?”

“కాదండీ. చాలా వేగంగా ఉంది.”

“ఆ ముక్కే చెప్పి చావు.”

“చెప్పానండీ.”

టైలరు మొహం కడుక్కుని చొక్కా మార్చుకున్నాడు. రెండో కుర్చీ మీది గుడ్డపీలికలు దులిపాడు. వీధిలో బండి చప్పుడైనప్పుడల్లా గుమ్మంలోకి వచ్చాడు. దీపాలు పెట్టే వేళయింది. ఎవరూ రాలేదు.

“రాతిగుండె మనిషి! అన్న పోతున్నాడన్నా కదల్లేదు. ఇంతకీ ఆ ఫోను ఆవిడతో చెప్పిందా?”

“చెప్పి ఉండదండీ. మీరు మెట్లెక్కిన సంగతి కూడా దానితో అనేశాను మరి.”

“తిన్నింటి వాసాలు లెక్కపెడతావే!”

“మాలో మేం దాచుకోమండీ. అదీ అంతే. పోయిన వారం ఆవిడ థర్మామీటరు వేడినీళ్ళలో ముంచి, ‘జ్వరమని మా అన్నకి చెప్పు, పరిగెత్తుకొస్తాడు’ అన్నారట. జ్వరం ఉత్తదేనని అది నాకు చెప్పేసింది. అందుకే మీదాకా రానివ్వలేదు.”