రెండున్నర దాకా గడువు

"మహేశ్వరీ, హాజిర్ హో!"

బంట్రోతు మూడోసారి పిలిచాడు. రాయ్‌పూర్ కోర్టు వరండాలో ఎవరూ పలకలేదు.

ముద్దాయి చోట నిలబడ్డ అప్పలనరసమ్మ మెడ సాచి తలుపు వైపు చూసింది. మూడేళ్ల కిందట డాబా మీద వడియాలు ఆరబెట్టుకునే చోటు కోసం తగువొచ్చి, పక్కింటి మహేశ్వరిని అట్లకాడతో చెయ్యి వాచేలా కొట్టిందని ఆమె మీద కేసు.

"అమ్మాజీ, మీ అదృష్టం పండింది," వకీలు యోగేష్ గుసగుసలాడాడు. "ఫిర్యాది రాలేదు. ఆవిడ వకీలూ రాలేదు. కేసు కొట్టేస్తారు, మీకు విడుదల."

మేజిస్ట్రేటు కలం అందుకుంది.

"మేడమ్‌జీ, కేస్ ఖతం మత్ కరో!" కేసు కొట్టెయ్యొద్దని అరిచింది అప్పలనరసమ్మ.

యోగేష్ నుదురు కొట్టుకున్నాడు. మేజిస్ట్రేటు తలెత్తింది. "ముద్దాయి మీరేనమ్మా. కేసు పోతే మేలు మీకే కదా?"

అప్పలనరసమ్మ తనకొచ్చిన హిందీలోనే చెప్పుకొచ్చింది. "మూడేళ్లలో అది ఒక్క తారీఖు తప్పలేదు మేడమ్. జ్వరంతో కూడా వచ్చి ఆ బల్ల మీద కూర్చుంది. ఒంటరి మనిషి. ఈరోజు రాలేదంటే దానికేదో అయ్యే ఉంటుంది. అది మంచాన పడి ఉంటే నేనిక్కడ గెలిచి మిఠాయి పంచుకోనా?"

కోర్టులో ఎవరో కిసుక్కున నవ్వారు. మేజిస్ట్రేటు మాత్రం నవ్వలేదు.

"సరే. భోజనాల తర్వాత రెండున్నరకి మళ్లీ పిలిపిస్తాను. అప్పటికీ రాకపోతే కొట్టేస్తాను."

అప్పలనరసమ్మ ఆటో ఎక్కి, తాముండే మోవా పేటకి పొమ్మంది. పొద్దున్న తను బయల్దేరినప్పుడు మహేశ్వరి ఇంటి తలుపు మూసే ఉంది. ముందే వెళ్లిపోయిందనుకుంది తను. ఒక్కసారి తలుపు తట్టి ఉంటే ఏం పోయింది? దారిలో ఎర్ర లైటు పడ్డ ప్రతిసారీ ఆటో అతన్ని తిట్టింది. అతను ఇంకాస్త వేగంగా పోనిచ్చాడు.

ఆటోని ఆగమని చెప్పి, దిగుతూనే రెండు చేతులతో తలుపు బాదింది.

"మహేశ్వరీ! ఒసే మహేశ్వరీ! బతికున్నావేటే?"

గొళ్లెం తీసిన చప్పుడైంది. తలకి తువ్వాలు చుట్టుకుని, నోట్లో ముద్ద నములుతూ మహేశ్వరి గుమ్మంలో నిలబడింది. ఒంట్లో నలతన్న జాడే లేదు.

అప్పలనరసమ్మకి ముందు ఊపిరి వచ్చింది. వెనకాలే కోపం వచ్చింది.

"బాగానే ఉన్నావు గదే! మరి కోర్టుకి రానేదేం?"

"ముందిది సెప్పు. కేసు కొట్టీసినారా?"

"కొట్టీబోతంటే నానే అడ్డం పడ్డాను. నీకోసం రెండున్నర దాకా గడువు ఇప్పించినాను. బేగి సీర మార్సుకో, ఆటో ఉంది."

మహేశ్వరి నమలడం మానేసింది. తర్వాత గుమ్మానికి ఆనుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"మతి పోనాదేటే నీకు? టైమ్ అయిపోతోంది, రా!"

"నాను రాను. నువ్వు మాత్రం ఎల్లిపో. ముద్దాయి లేకపోతే వారంటు పంపుతారు."

అంటూనే ఎడమ చేత్తో అప్పలనరసమ్మ జబ్బ పట్టుకుని ఆటో దాకా నడిపించి ఎక్కించింది. కొంగుతో ఆమె మొహం మీది చెమట తుడిచింది. మూడేళ్లుగా నోటికి రాని వరస పెట్టి పిలిచింది.

"రాజీ అని నా నోటితో అనలేక, పొద్దున్నుంచీ తలుపేసుకుని కూకున్నాను వదినా! నాను రాకపోతే నిన్నొదిలేస్తారని మా వకీలే సెప్పినాడు."